చేటతో ఏరలేని గింజ: ఒక సీలియాక్ రోగికి ఓట్స్ ఎంపిక చేసిన క్రమం

ఈ కేసును రాయడానికి కారణం నా ఆహార పట్టికలో నేనే రాసిన ఒక్క మాట. గోధుమ లాంటి ధాన్యాలలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల చిన్న పేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధి నిర్ధారణ అయిన ఒక మహిళకు ఇచ్చిన ఆ పట్టికలో, "తినదగినవి" అన్న గడిలో బియ్యం, జొన్నలు, రాగులు, సజ్జలు, కొర్రలు, మొక్కజొన్న అని వరుసగా రాసి, చివర "ఓట్స్" అని చేర్చాను. ఏ ఓట్స్, ఎప్పటి నుంచి, ఎంత అన్నది రాయలేదు. ఆ ఒక్క మాట వల్ల ఆమె కోలుకోవడం చాలా నెలలు వెనకపడింది. ఆమె అనుమతితో, గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు తీసివేసి, జరిగిన క్రమాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

రోగి పూర్వాపరాలు

ఆమె వయసు 34 ఏళ్లు. స్వస్థలం ఉత్తర తెలంగాణ. హైదరాబాద్‌లో ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నారు. నా దగ్గరికి వచ్చేనాటికి నాలుగేళ్లుగా రక్తహీనతకు మందులు వాడుతున్నారు. ఐరన్ మాత్రలు ఎన్ని మార్చినా హిమోగ్లోబిన్ 9 దాటలేదు. రెండుసార్లు నరం ద్వారా ఐరన్ ఎక్కించినప్పుడు పెరిగినట్టే పెరిగి, కొన్ని నెలలకే మళ్లీ పడిపోయింది. కడుపు ఉబ్బరం, మధ్యమధ్య విరేచనాలు, ఏడాదిలో ఆరు కిలోల బరువు తగ్గడం ఉన్నప్పటికీ, వాటిని రక్తహీనతతో ముడిపెట్టి ఎవరూ చూడలేదు. ఇందుకు వైద్యులను తప్పుపట్టడం న్యాయం కాదు. 2016లో వెలువడిన బహుళ ప్రాంతాల అధ్యయనంలో ఈ వ్యాధి ఉత్తర భారతంలో 1.23 శాతం మందిలో కనిపిస్తే, దక్షిణాదిలో 0.10 శాతం మందిలోనే కనిపించింది. అన్నం తినే నేల మీద ఈ జబ్బు పేరు చివరికి గాని గుర్తుకు రాకపోవడం సహజం. అయితే మన ఇళ్లలో తిండి మారింది. మామగారికి షుగర్ రావడంతో ఆరేళ్ల కిందటే వీరింట్లో రాత్రి భోజనం పూర్తిగా చపాతీలకు మారిపోయింది. ఉదయం వారానికి మూడు రోజులైనా బొంబాయి రవ్వ ఉప్మా ఉండేది.

చివరకు ఒక గ్యాస్ట్రోఎంటరాలజిస్టు అనుమానించి పరీక్షలు చేయించారు. ఈ వ్యాధిని పట్టించే టీటీజీ ఐజీఏ యాంటీబాడీలు రక్తంలో 20 యూనిట్ల లోపు ఉండవలసింది 200 పైన ఉన్నాయి. చిన్న పేగు మొదటి భాగమైన డ్యూడినమ్ నుంచి తీసిన ముక్కలో మార్ష్ 3బి స్థాయి నష్టం, అంటే పేగు లోపలి పొర బాగా అరిగిన స్థితి, కనిపించింది. మనం తిన్న ఇనుము ప్రధానంగా ఒంటికి పట్టేది అక్కడే. అక్కడి పొర అరిగిపోయినప్పుడు మాత్రలు ఎన్ని మింగినా ప్రయోజనం తక్కువ. అప్పటికి హిమోగ్లోబిన్ 7.9, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ 4.

మొదటి ఆరు నెలలు

గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాలలోని గ్లూటెన్‌ను జీవితాంతం పూర్తిగా మానడమే ఈ వ్యాధికి చికిత్స. మన వంటింట్లో రై ఉండదు. గోధుమ మాత్రం ఎన్నో పేర్లతో ఉంటుంది: మైదా, బొంబాయి రవ్వ, గోధుమ నూక, సేమ్యా. రవ్వ అన్న మాటే గందరగోళం పెడుతుంది. ఇడ్లీ రవ్వ బియ్యంతో చేసినది కనుక తినవచ్చు, బొంబాయి రవ్వ గోధుమ కనుక తినకూడదు. మాల్ట్ కూడా అలాంటిదే. ఇంట్లో కాచుకునే రాగి జావను మనం రాగి మాల్ట్ అంటాం, అందులో దోషం లేదు. అంగట్లో దొరికే మాల్ట్ పొడులలో బార్లీ మొలకల సారమో, గోధుమో ఉండే అవకాశం ఎక్కువ. డబ్బాలో వచ్చే ఇంగువలో గోధుమ పిండి కలిపి ఉండవచ్చని చాలామందికి తెలియదు. పప్పుచారులో చిటికెడు వేసినా అది రోజూ వేసే చిటికెడే. పిండి మరలో గోధుమలు ఆడిన రాతి మీదే జొన్నలు ఆడితే జొన్న పిండిలోకి గోధుమ వస్తుంది.

ఈ కుటుంబం వీటన్నిటినీ శ్రద్ధగా పాటించింది. బియ్యప్పిండి కలిపిన ఇంగువ వెతికి తెచ్చుకున్నారు. జొన్నలు కొని, కడిగి ఆరబెట్టి, ఇంట్లో చిన్న గ్రైండర్‌లో ఆడుకున్నారు. చపాతీ పెనం వేరు, జొన్న రొట్టె పెనం వేరు. ఆరో నెలలో టీటీజీ 74కి దిగింది, హిమోగ్లోబిన్ 10.9కి పెరిగింది, విరేచనాలు ఆగిపోయాయి.

ఏడో నెలలో ఆమె ఓట్స్ మొదలుపెట్టారు. ఉదయం ఏడున్నరకు బడికి బయలుదేరవలసిన మనిషికి రొట్టె చేసుకునే తీరిక ఉండదు. అన్నం ఎక్కువై పీచు తగ్గడంతో మలబద్ధకం కూడా వచ్చింది. నా పట్టికలో ఓట్స్ ఉన్నాయి కనుక ఆమె నిశ్చింతగా కొనుక్కున్నారు. రోజూ పొద్దున దాదాపు 60 గ్రాములు, పాలలో ఉడికించుకుని తిన్నారు.

వెనక్కి మళ్లిన ఫలితాలు

పన్నెండో నెల పరీక్షలో టీటీజీ 112. హిమోగ్లోబిన్ 10.2. ఉబ్బరం తిరిగి వచ్చింది. పథ్యం మొదలుపెట్టాక ఈ యాంటీబాడీలు నెమ్మదిగా తగ్గడం మామూలే. కొందరిలో మామూలు స్థాయికి రావడానికి ఏడాదో, అంతకు మించో పడుతుంది. తగ్గుతూ వచ్చినవి మళ్లీ పెరిగాయంటే మాత్రం గ్లూటెన్ ఎక్కడినుంచో లోపలికి వెళుతోందని మొదట అనుమానించాలి.

ఇలాంటి సందర్భంలో రోగి రహస్యంగా ఏదో తింటున్నారని అనుకోవడం మా వృత్తిలో తరచుగా జరిగే పొరపాటు. నేను కూడా మొదటి పది నిమిషాలు ఆ దిశలోనే ప్రశ్నలు అడిగాను. పెళ్లి భోజనాలు, బడిలో పుట్టినరోజు కేకులు, గుడి ప్రసాదం అన్నీ అడిగాను. ఆమె ఓపికగా అన్నిటికీ లేదనే చెప్పి, చివరకు, "మేడం, మీ కాగితంలో లేనిది ఒక్కటీ తినలేదు" అన్నారు. కాగితం బయటికి తీసి ఆమె ఎదుటే చదివాను. చివరి మాట దగ్గర ఆగిపోయాను.

మర్నాడు ఓట్స్ పొట్లం తెప్పించి చూశాను. ముందువైపు సంపూర్ణ ధాన్యం, గుండెకు మేలు అన్న మాటలు. వెనకవైపు పదార్థాల జాబితాలో ఓట్స్ ఒక్కటే. దాని కింద చిన్న అక్షరాలలో, గోధుమ, బార్లీ ఉండే అవకాశం ఉందని ఒక వాక్యం. ఆ వాక్యం చదివే అలవాటును ఆమెకు నేర్పవలసిన బాధ్యత నాది.

ఓట్స్‌లో చిక్కు ఎక్కడుంది

1940లలో, రెండో ప్రపంచ యుద్ధపు చివరి చలికాలంలో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకని రోజుల్లో సీలియాక్ పిల్లల స్థితిని గమనించి, గోధుమే ఈ వ్యాధికి మూలమని నిరూపించిన పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డికే ఓట్స్‌ను కూడా నిషిద్ధాలలోనే చేర్చారు. చాలాకాలం అందరూ అదే పాటించారు. 1995లో ఫిన్లాండ్ వైద్యుల అధ్యయనం రోజుకు 50 నుంచి 70 గ్రాముల ఓట్స్ తిన్న వయోజన రోగుల పేగుకు హాని కలగలేదని చూపించాక అభిప్రాయం మారింది. ఓట్స్‌లోని ప్రొటీన్ అవెనిన్. ఓట్స్ మొత్తం ప్రొటీన్‌లో అది పదో వంతుకు కాస్త పైన ఉంటుంది. గోధుమ ప్రొటీన్‌లో గ్లూటెన్ సుమారు ఐదింట నాలుగు వంతులు. పైగా అవెనిన్ నిర్మాణం వేరు. అందువల్ల ఎక్కువ మంది రోగులు స్వచ్ఛమైన ఓట్స్‌ను తట్టుకుంటారు.

ఆ వాక్యంలో బరువంతా "స్వచ్ఛమైన" అన్న మాట మీదే ఉంది. నేను చదువుకున్నప్పుడు వాక్యం గుర్తుపెట్టుకుని, ఆ విశేషణాన్ని వదిలేశాను. ఓట్స్ పండే చల్లని దేశాలలో అదే పొలంలో ఒక ఏడు గోధుమ, మరో ఏడు బార్లీ వేస్తారు. నిరుటి పంట రాలిన గింజలు ఈ ఏటి ఓట్స్ మధ్య మొలుస్తాయి. అదే కోత యంత్రం, అదే లారీ, అదే గోదాము, అదే మిల్లు. అమెరికా మార్కెట్‌లోని మూడు బ్రాండ్ల నుంచి తీసిన 12 ఓట్స్ నమూనాలను పరీక్షించి 2004లో ప్రచురించిన ఫలితాలలో తొమ్మిదింటిలో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు దాటింది. ఒకదానిలో 1,807 మిల్లీగ్రాములు ఉంది. 2011లో కెనడా పరిశోధకులు 133 నమూనాలు చూస్తే దాదాపు 88 శాతం ఆ పరిమితిని మించాయి. ఆ 20 అనే అంకె అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్‌లోది. మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా గ్లూటెన్ రహితం అని రాయడానికి అదే పరిమితిని పెట్టింది.

ఆమె అత్తగారు పొట్లంలో మిగిలిన ఓట్స్‌ను చేటలో పోసి ఏరడానికి కూర్చున్నారట. ఒక గంటసేపు చూసి, తేడాగా కనిపించిన నాలుగు రేకులను కాగితంలో మడిచి నాకు పంపారు. వాటిలో రెండు బార్లీ కావచ్చు అనిపించింది గాని, నేను కచ్చితంగా చెప్పలేకపోయాను. తరువాత ఆవిడే ఫోన్‌లో, "బియ్యంలో రాయి కంటికి కనిపిస్తుందమ్మా, ఇందులో అన్నీ ఒక్కలాగే అణిగిపోయాయి, ఏం ఏరను?" అన్నారు. విషయం అంతకంటే స్పష్టంగా నేను చెప్పలేను. గింజ రూపంలో ఉన్నప్పుడే ఓట్స్‌కూ బార్లీకీ తేడా పట్టుకోవడం కష్టం. ఆవిరి పట్టి రోలర్ల మధ్య నలిపి రేకులు చేశాక ఇంట్లో ఎవరి వల్లా కాదు. కడిగితే పోయేది పైన అంటిన పిండి మాత్రమే, గింజ కాదు. మందపు రేకులు, త్వరగా ఉడికే రేకులు, స్టీల్ కట్ ముక్కలు అన్నవి కోత తీరును చెప్పే పేర్లు; గ్లూటెన్ విషయంలో వాటి మధ్య ఎక్కువ తక్కువలు లేవు.

ఆ పొట్లం నుంచి 50 గ్రాముల చొప్పున రెండు భాగాలు విడివిడిగా ఆహార పరీక్షా కేంద్రానికి పంపాను. గ్లూటెన్‌ను కొలిచే ఆర్5 ఎలైజా పద్ధతిలో మొదటి భాగంలో కిలోకు 20 మిల్లీగ్రాముల లోపే వచ్చింది. రెండో భాగంలో 410. ఒకే పొట్లం, ఒకే రోజు, ఒకే పద్ధతి. మొదటి ఫలితం ఒక్కటే చూసి ఉంటే ఓట్స్ నిర్దోషి అని రాసి, ఆమెను మళ్లీ అనుమానించేదాన్ని.

ఈ తేడా ఎలా వస్తుందో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. గోధుమ గింజ బరువు సుమారు 40 మిల్లీగ్రాములు. అందులో గ్లూటెన్ దాదాపు 4 మిల్లీగ్రాములు. ఒక్క గింజ కిలో ఓట్స్‌లో కలిస్తే కిలోకు 4 మిల్లీగ్రాములు, అంటే పరిమితిలో ఐదో వంతు. ఆ గింజ పడిన 50 గ్రాముల గిన్నెను విడిగా చూస్తే కిలోకు 80 మిల్లీగ్రాముల లెక్క, అంటే పరిమితికి నాలుగింతలు. పిండిలో కలిసిన మలినం అంతటా పరచుకుంటుంది. గింజ రూపంలో కలిసినది ఎక్కడో ఒకచోటే ఉంటుంది. కనుక పొట్లం సగటు సురక్షితంగా ఉండి, ఆ రోజు తిన్న గిన్నె కాకపోవచ్చు. రెండో భాగం లాంటి ఓట్స్ 60 గ్రాములు తిన్న రోజున ఆమెకు సుమారు 25 మిల్లీగ్రాముల గ్లూటెన్ చేరింది. రోజుకు 50 మిల్లీగ్రాములు మూడు నెలలు తీసుకుంటే పేగు పొర దెబ్బతింటుందని 2007లో ఇటలీ పరిశోధకులు చూపించారు. రోజుకు 10 లోపు ఉంటే ఎక్కువ మందికి హాని ఉండదని సాధారణంగా భావిస్తారు. ఆమె ఆ రెండు అంకెల మధ్య కొన్ని నెలలు గడిపారు.

ఆపి, వేచి చూసిన కాలం

ఓట్స్ పూర్తిగా ఆపించాను. ఆహారంలో మరే మార్పూ చేయలేదు. ఒకేసారి నాలుగు మార్చితే ఏది కారణమో తేలదు. పొద్దుటి తిండికి రాత్రే చేసిపెట్టుకున్న సర్వపిండి, పెసరట్టు, రాగి జావ వాడారు. పదిహేనో నెలలో టీటీజీ 58, పద్దెనిమిదో నెలలో 31, ఇరవై ఒకటో నెలలో 16. ఇంతకాలం ఆగడం ఎందుకని ఆమె అడిగారు. యాంటీబాడీలు మామూలు స్థాయికి వచ్చి, లక్షణాలు పోయిన తరువాత ఓట్స్ మొదలుపెడితేనే, మళ్లీ ఏదైనా పెరిగినప్పుడు దాని కారణాన్ని తేల్చగలం. సగం మానిన పుండు మీద కొత్త మందు పరీక్షించడం లాంటిది ముందే మొదలుపెట్టడం.

అసలు ఓట్స్ అవసరమా అన్న ప్రశ్న కూడా మా మధ్య వచ్చింది. వైద్యపరంగా అవసరం లేదు. జొన్నలు, రాగులు, కొర్రలు ఉన్న ఇంట్లో ఓట్స్ లేని లోటేమీ ఉండదని నా అభిప్రాయం. ఆమె అక్కర్లేదని ఉంటే నేను సంతోషించేదాన్ని. అయితే జీవితాంతం పాటించవలసిన పథ్యంలో, మనిషి తనకు నచ్చిన ఒక సులువైన తిండిని కోరుకున్నప్పుడు దాన్ని సురక్షితంగా ఇవ్వగలనా అని ఆలోచించడమే నా పని.

ఈసారి ఎంచుకున్న తీరు

ముందుగా, పొట్లం మీద "గ్లూటెన్ రహితం" అన్న ప్రకటన లేని ఏ ఓట్స్‌నూ పరిశీలించలేదు. బస్తాలోంచి విడిగా తూచి ఇచ్చేవి, సూపర్ మార్కెట్ వారు తమ పేరుతో తిరిగి నింపి అమ్మేవి పక్కన పెట్టాం. మసాలా ఓట్స్, మ్యూస్లీ, ఓట్స్ బిస్కెట్లు, ఓట్స్ నూడుల్స్ అసలు ఈ చర్చలోకే రావు. వాటిలో మైదానో, బార్లీ మాల్ట్ సారమో, గోధుమ నుంచి తీసిన రుచి పదార్థాలో ఉండవచ్చు.

ఇక్కడ ఆమెకు ఒక సందేహం వచ్చింది, న్యాయమైనదే. గ్లూటెన్ రహితం అని ముందువైపు రాసిన పొట్లం వెనక అలర్జీ హెచ్చరికలో మళ్లీ "ఓట్స్" అని ఉంది. మన దేశపు లేబుల్ నిబంధనలు గ్లూటెన్ ఉన్న ధాన్యాల జాబితాలో గోధుమ, రై, బార్లీలతో పాటు ఓట్స్‌ను కూడా చేర్చాయి. కనుక ఎంత స్వచ్ఛమైన ఓట్స్ అయినా ఆ పేరు అక్కడ రాయవలసిందే. ఆ ఒక్క పేరు చూసి భయపడనక్కరలేదు. అదే వరుసలో గోధుమ, బార్లీ పేర్లు కూడా ఉంటే ఆ పొట్లం మనకు వద్దు. ఆస్ట్రేలియాలో అయితే ఓట్స్ మీద గ్లూటెన్ రహితం అని రాయడానికే అనుమతి లేదు. అక్కడ ఉన్న ఆమె తమ్ముడు ఓట్స్ పంపుతానన్నప్పుడు, అక్కడి పొట్లాల మీద మనం వెతికే మాట కనిపించదని చెప్పవలసి వచ్చింది.

ఆ తరువాత మూడు సంస్థలకు ఆమె చేత ఉత్తరాలు రాయించాను. మొదటి ప్రశ్న, ఓట్స్‌ను గ్లూటెన్ రహితం ఎలా చేస్తున్నారు అని. దీనికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి ప్యూరిటీ ప్రోటోకాల్: శుద్ధమైన విత్తనం, కొన్నేళ్లుగా గోధుమ, బార్లీ వేయని పొలం, కోతకు ముందు పొలంలో తనిఖీ, కోత నుంచి మిల్లు దాకా వేరే యంత్రాలు. రెండోది మామూలు ఓట్స్‌ను తెచ్చి పొడవు, మందం, బరువు, రంగు ఆధారంగా యంత్రాలతో వేరుచేయడం. రెండో పద్ధతిలోనూ పరిమితి లోపు ఓట్స్ తయారుచేయవచ్చు. అయితే బార్లీ గింజ ఆకారంలో ఓట్స్‌కు దగ్గర కనుక అంతా ఆ యంత్రం నైపుణ్యం మీద, పరీక్షల సంఖ్య మీద ఆధారపడుతుంది. ఒకసారి పేగు దెబ్బతిని తిరగబెట్టిన రోగికి నేను మొదటి దారినే కోరుకుంటాను. రెండో ప్రశ్న, ఒక్కో లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) నుంచి ఎన్ని నమూనాలు పరీక్షిస్తారు, వాటి సగటు చూస్తారా, లేక ఏ ఒక్కటి పరిమితి దాటినా లాట్ మొత్తాన్ని తిరస్కరిస్తారా అని. పైన చేసిన లెక్క అర్థమైన వారికి ఈ ప్రశ్న విలువ తెలుస్తుంది.

ఒక సంస్థ జవాబు ఇవ్వలేదు. రెండోది తమ ఉత్పత్తి నిబంధనలకు లోబడి ఉందని ఒక్క వాక్యం రాసింది. మూడోది పొలం దశ నుంచే వేరుగా పండించిన ఓట్స్ అని, ప్రతి లాట్‌లో పలు నమూనాలు విడివిడిగా పరీక్షిస్తామని, ఏ ఒక్కటి దాటినా వాడమని వివరంగా రాసి, తృతీయ పక్షపు ధ్రువీకరణ పత్రాన్ని జత చేసింది. ఆ ధ్రువీకరణ పరిమితి కిలోకు 10 మిల్లీగ్రాములు. ధర మామూలు ఓట్స్‌కు దాదాపు మూడింతలు. వారానికి నాలుగు రోజులే తింటానని ఆమె లెక్క వేసుకుని, దాన్నే ఎంచుకున్నారు.

తిరిగి మొదలుపెట్టడం

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు 20 గ్రాములు, తరువాత 50 గ్రాములు. ప్రతి పొట్లం లాట్ సంఖ్యను క్యాలెండర్ మీద రాసి, రెండు చెంచాల ఓట్స్ చిన్న సీసాలో దాచమన్నాను. ఓట్స్ డబ్బా, చెంచా, గిన్నె వేరు. ఇంట్లో చపాతీలు ఇంకా చేస్తున్నారు కనుక గోధుమ పిండి జల్లెడకు ఆ అలమారలో చోటు లేదు.

మొదటి వారంలో కొద్దిగా ఉబ్బరం వచ్చి ఆమె భయపడ్డారు. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఎక్కువ. అలవాటు లేని పేగుకు మొదట్లో గాలి పట్టడం ఎవరికైనా జరుగుతుంది. అది పది రోజుల్లో తగ్గుతూ పోవాలి, విరేచనాలు ఉండకూడదు, బరువు తగ్గకూడదు. అలాగే తగ్గింది. లక్షణాలను మాత్రమే నమ్మి ఆపేసినా, లక్షణాలు లేవని నమ్మి కొనసాగించినా తప్పే కనుక, మూడు నెలలకు రక్తపరీక్ష చేయించాం. ఇరవై ఐదో నెలలో టీటీజీ 13, హిమోగ్లోబిన్ 12.4, ఫెరిటిన్ 38. మరో మూడు నెలలకు టీటీజీ 11.

దీన్నిబట్టి ఆమెను ఇబ్బంది పెట్టింది ఓట్స్ కాదని, ఓట్స్‌తో కలిసి వచ్చిన వేరే ధాన్యమేనని నేను భావిస్తున్నాను. అందరికీ ఇదే వర్తిస్తుందని అనుకోకూడదు. ఆస్ట్రేలియాలో 73 మంది రోగులను పరిశీలించి 2015లో ప్రచురించిన ఫలితాలలో దాదాపు 8 శాతం మంది రక్తంలో అవెనిన్‌కే స్పందించే టి కణాలు, అంటే రోగనిరోధక కణాలు, కనిపించాయి. అలాంటి వారికి ఎంత స్వచ్ఛమైన ఓట్స్ అయినా సరిపడకపోవచ్చు, అది ముందుగా చెప్పగల మామూలు పరీక్ష ఏదీ మన దగ్గర లేదు. తినిపించి, క్రమం తప్పకుండా పరీక్షించడమే మార్గం.

నా పట్టికలో ఓట్స్ ఇప్పుడు "తినదగినవి" గడిలో లేదు. వేరే కాగితం మీద, యాంటీబాడీలు మామూలు స్థాయికి వచ్చిన తేదీ రాయడానికి ఒక ఖాళీతో, సంస్థ జవాబు జతపరచడానికి ఒక ఖాళీతో విడిగా ఉంది. ఈమె విషయానికి వస్తే, గత నెలలో కొన్న పొట్లం మీద ధ్రువీకరణ గుర్తు అలాగే ఉన్నా, ఓట్స్ పండిన దేశం పేరు మారింది. పాత ప్రశ్నలనే మళ్లీ రాసి పంపాం. జవాబు వచ్చేదాకా ఆ పొట్లం విప్పకుండా పక్కన పెట్టి, పాత లాట్‌లో మిగిలిన రెండు పొట్లాలే వాడుతున్నారు.